నెలకు మిగిలే రెండు వేలు ఎక్కడ దాచాలి: చీటీ, పోస్టాఫీసు, సంఘం, బంగారం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశాలోని ఈ ఊళ్లలో మన తెలుగువాళ్లు నలుగురు కూర్చుని డబ్బు మాట ఎత్తితే ముందు వచ్చే ప్రశ్న, "ఎందులో వడ్డీ ఎక్కువొస్తుంది?" నెలకు వెయ్యో రెండు వేలో మిగిల్చే ఇంటికి ఆ ప్రశ్న చివర్న వచ్చినా ఫరవాలేదు. లెక్క చూడండి. నెలకు రెండు వేల చొప్పున అయిదేళ్లు కట్టారనుకుందాం. 6 శాతం వడ్డీ వచ్చినా 7 శాతం వచ్చినా చివర్లో చేతికొచ్చే తేడా నాలుగు వేల లోపే. ఆ నాలుగు వేల కోసం లక్షా ఇరవై వేలను ఎవరి చేతిలోనో పెట్టి, వాళ్లు ఫోన్ ఎత్తడం లేదని టెన్షన్ పడేవాళ్లు మన వీధుల్లో కొత్తేం కాదు.

ఈ కింద చెప్పేది నెలకు అయిదు వందల నుంచి మూడు, నాలుగు వేల వరకు దాచగలిగే ఇళ్లకు. అంతకన్నా ఎక్కువ మిగిలేవాళ్లకు షేర్లు, మ్యూచువల్ ఫండ్లు వంటి దారులు వేరే ఉన్నాయి, వాటి జోలికి నేను వెళ్లడం లేదు.

ముందు చూడాల్సినవి

మొదటిది, ఆ డబ్బు ఎప్పుడు కావాలి? పాప ప్లస్ టూ ఫీజుకైతే తేదీ తెలుసు. ఇంటి పైకప్పుకైతే ఏడాది అటూ ఇటూ అయినా నడుస్తుంది. ఆసుపత్రికైతే తేదీ ఎవరికీ తెలియదు. ఈ మూడింటికీ ఒకే చోట దాచకూడదు.

రెండోది, మధ్యలో విరగ్గొట్టడం ఎంత సులువు? సులువుగా చేతికొచ్చే డబ్బు సులువుగానే ఖర్చయిపోతుంది. బావమరిది బండి కొంటున్నాడని అడిగితే "లేదు" అనలేని మనిషికి, కొంచెం కష్టపడితే గానీ రాని డబ్బే మేలు.

మూడోది, ఒక నెల కట్టలేకపోతే ఏమవుతుంది? జీడిపప్పు సీజను పనివాళ్లకూ, టిఫిన్ బండి నడిపేవాళ్లకూ, వానాకాలంలో పని ఆగిపోయే తాపీ మేస్త్రీలకూ అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

నాలుగోది మన సరిహద్దువాళ్లకు ప్రత్యేకం. డబ్బు మునిగితే ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఏ రాష్ట్రంలో? ఆంధ్రా వైపు పాతపట్నం మనిషి చీటీ నడుపుతాడు, పర్లాకిమిడి వాళ్లు కడతారు. అతను పారిపోతే అక్కడి పోలీసులు ఇక్కడికి పొమ్మంటారు, ఇక్కడివాళ్లు అక్కడికి పొమ్మంటారు. వడ్డీ సంగతి ఈ నాలుగూ తేలాక చూసుకోవచ్చు.

దాచే ముందు అప్పు

ఇంట్లో మూడు రూపాయల వడ్డీ అప్పు ఉంటే కింద చెప్పే ఏ పద్ధతీ మీకు ఇప్పుడే అక్కర్లేదు. పది వేలకు నెలకు మూడు వందలు, ఏడాదికి మూడు వేల ఆరు వందలు. అదే పది వేలు పోస్టాఫీసులో ఏడాది ఉంచితే వచ్చేది ఏడు వందల చుట్టుపక్కలే. అప్పు పక్కన పెట్టుకుని పొదుపు చేస్తున్నామని సంతోషించే ఇళ్లు చాలా చూశాను. ముందు అప్పు తీర్చండి, ఆ నెల నుంచి వడ్డీకి కట్టే మూడు వందలనే పొదుపుగా మార్చండి. ఖర్చులో కొత్తగా ఏమీ తగ్గించకుండానే పొదుపు మొదలవుతుంది.

మిగతా ఖర్చు ఎక్కడ తగ్గుతుందంటే, నా ఓటు కిరాణా ఖాతాకు. షావుకారు పుస్తకంలో ఒక పేజీ తిప్పి చూడండి: "సామాన్లు 340", "సామాన్లు 185", మధ్యలో "పిల్లాడు 20", "పిల్లాడు 20". ఆ 340లో ఏముందో నెలాఖరుకు మీకూ గుర్తుండదు, ఆయనకూ గుర్తుండదు. వారానికోసారి సంతలో నగదుతో కూరలు, పప్పు, ఉల్లిపాయలు కొనుక్కుని, కొట్లో నూనె, సబ్బుల్లాంటివి మాత్రమే కొంటే ఖాతా సగానికి వస్తుంది. ఖాతా పూర్తిగా మూసెయ్యమని మాత్రం అనను. చేతిలో డబ్బు లేని వారం ఆదుకునేది ఆ షావుకారే.

చదివింపుల పుస్తకం జోలికి వెళ్లకండి. మన పెళ్లికి వాళ్లు చదివించింది వాళ్లింట్లో తిరిగి చదివించక తప్పదు. దాన్ని దుబారాలో లెక్కవేసి కోతపెడితే చుట్టరికం తెగుతుంది. ఏడాదిలో రాబోయే పెళ్లిళ్లు ఎన్నో ముందే రాసుకుని దానికంటూ కొంత తీసిపెట్టడమే దారి. ఇంకో మాట. ఒడిశా వైపు పెట్రోలు ఆంధ్రా కన్నా లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ కదా అని, అవతలి ఊళ్లవాళ్లు ట్యాంకు నింపుకోవడానికి ఇటు వస్తుంటారు. చవకగా దొరికిందని అవసరం లేని తిరుగుడు పెరిగితే మిగిలేదేమీ ఉండదు.

చీటీ

మనవాళ్లకు బాగా అలవాటైనది ఇదే, గొడవలు ఎక్కువ వచ్చేదీ ఇందులోనే. కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

50 వేల చీటీ, 25 మంది, నెలకు రెండు వేలు. మొదటి నెల ఎవరికో అత్యవసరం వచ్చి 12 వేలు తగ్గించి పాట పాడారనుకోండి. ఆయనకు వచ్చేది 38 వేలు. ఆ 12 వేలలో నడిపేవాళ్ల కమిషన్ 5 శాతం, అంటే 2,500 పోగా మిగిలిన 9,500 అందరికీ పంచితే తలా 380. ఆ నెల మీరు కట్టేది 1,620. నెలలు గడిచేకొద్దీ పాట తగ్గుతుంది, పంపకమూ తగ్గుతుంది.

ఇప్పుడు చివరిదాకా పాడకుండా ఆగిన మనిషి లెక్క. నెలకు సగటున 200 వెనక్కి వచ్చిందనుకుంటే మొత్తం కట్టింది 45 వేలు, చేతికొచ్చేది కమిషన్ పోను 47,500. లాభం 2,500. వడ్డీగా చూస్తే ఏడాదికి అయిదు శాతం పైచిలుకు. అంటే దాచుకోవడానికే చీటీ వేసేవాళ్లకు వచ్చేది పోస్టాఫీసు కన్నా తక్కువ, భయం మాత్రం ఎక్కువ. చీటీ నిజంగా పనికొచ్చేది మధ్యలో ఒకసారి పెద్ద మొత్తం అవసరమయ్యేవాళ్లకు: కొట్లో సరుకు వేసుకోవాలి, కుట్టు మిషన్ కొనాలి, బ్యాంకు లోను ఇవ్వదు. అలాంటివాళ్లకు చీటీ మూడు రూపాయల వడ్డీ అప్పు కన్నా చాలా నయం.

చీటీల్లో రెండు రకాలు ఉన్నాయి, రెంటినీ కలిపి మాట్లాడకూడదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం, ఏ రాష్ట్రంలో చీటీ నడుపుతారో ఆ రాష్ట్రంలో ముందుగా అనుమతి తీసుకుని రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి, చీటీ మొత్తానికి తగ్గ పూచీ కట్టాలి. 2019 సవరణ తరవాత కమిషన్ 7 శాతం దాటకూడదు. ఇది రిజిస్టర్డ్ చీటీ. పాడుకున్నవాళ్లను జామీను అడుగుతారు, కాగితాలు అడుగుతారు, విసిగిస్తారు. ఆ విసుగే కట్టేవాళ్లకు రక్షణ. రెండోది వీధిలో పిన్నిగారు నడిపే చీటీ. జామీను లేదు, కాగితం లేదు, నమ్మకం ఒక్కటే. పిన్నిగారు మంచివారే కావచ్చు. కానీ పాడుకుని పోయిన ఇద్దరు కట్టడం మానేస్తే ఆవిడ తన నగలు అమ్మి ఇవ్వాలి, లేదా ఊరు వదలాలి.

వీధి చీటీ వేయొద్దంటే వినేవాళ్లు లేరని తెలుసు. కాబట్టి వేసేటట్టయితే ఈ జాగ్రత్తలు తీసుకోండి: చిన్న చీటీ, తక్కువ నెలలు, సభ్యులందరూ మీకు తెలిసినవాళ్లు, నడిపే మనిషి సొంత ఇంట్లో ఉండాలి. ఒకే మనిషి దగ్గర రెండు చీటీలు వద్దు. అవతలి రాష్ట్రంలో నమోదైన కంపెనీ ఏజెంటు ఇటు వచ్చి వసూలు చేస్తుంటే, ఒడిశాలో నమోదు ఉందా అని ఒక్క మాట అడగండి. ఆ జవాబులోనే సగం సంగతి తేలిపోతుంది.

చీటీ పేరు చెప్పి డిపాజిట్లు వసూలు చేసే కంపెనీలు వేరు. పాట ఉండదు, పంపకం ఉండదు, "ఇంత కట్టండి, ఇన్నేళ్లకు రెట్టింపు" అంటారు. 2013 ప్రాంతంలో ఒడిశాలో అలాంటివి వరసగా కూలాయి. ప్రభుత్వం జస్టిస్ ఎం.ఎం. దాస్ కమిషన్ వేసింది, 2014లో సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. వాటిలో కట్టించుకున్నవాళ్లు కూడా పక్కింటివాళ్లే, అచ్చు రశీదులూ ఇచ్చారు.

పోస్టాఫీసు ఆర్‌డి

ఆర్‌డి అంటే రికరింగ్ డిపాజిట్, నెలనెలా ఒకే మొత్తం కట్టేది. నెలకు వంద రూపాయలతో మొదలుపెట్టవచ్చు. గడువు అయిదేళ్లు. వడ్డీ రేటును కేంద్రం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం, 2025లోనూ అదే. ఖాతా తెరిచిన నాటి రేటు అయిదేళ్లూ మారదు. నెలకు రెండు వేలు కడితే చివర్లో 1,42,732 చేతికొస్తాయి, అందులో వడ్డీ 22,732.

దీన్ని నేను మెచ్చుకునేది వడ్డీకి కాదు. మూడేళ్లు నిండేదాకా విరగ్గొట్టడానికి వీల్లేదు. ఆ తరవాత తీసినా మామూలు పొదుపు ఖాతా వడ్డీయే, అంటే 4 శాతం. ఎవరైనా అడిగితే "పోస్టాఫీసులో ఉంది, ఇప్పుడు రాదు" అని ధైర్యంగా చెప్పవచ్చు, అది అబద్ధం కూడా కాదు. నిజంగా ప్రాణం మీదకొస్తే, పన్నెండు నెలలు కట్టి ఏడాది నిండితే ఉన్నదాంట్లో సగం దాకా లోను ఇస్తారు, దానికి ఆర్‌డి వడ్డీ మీద రెండు శాతం ఎక్కువ.

నెల తప్పితే వందకు రూపాయి జరిమానా, అంటే రెండు వేలకు ఇరవై. అది భరించవచ్చు. నాలుగు నెలలు తప్పితే మాత్రం ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా బకాయి కట్టి తిరిగి నడిపించుకోవాలి. అందుకని సీజను పనివాళ్లు మిగిలేదంతా ఆర్‌డికి రాసుకోకూడదు. పని బాగా ఉన్న నెలల్లో రెండు వేలు మిగిలితే ఆర్‌డి ఎనిమిది వందలకే తెరవాలి, మిగతాది వేరే చోట.

ఇంటికొచ్చి వసూలు చేసే మహిళా ఏజెంట్లు ఉంటారు. వాళ్ల కమిషన్ ప్రభుత్వమే ఇస్తుంది, మీరు పైసా ఇవ్వక్కర్లేదు. డబ్బు ఇచ్చినప్పుడల్లా కార్డు మీద సంతకం పెట్టించుకోండి, రెండు మూడు నెలలకోసారి పాసుబుక్ తెప్పించి సరిచూసుకోండి. మొహమాటం వద్దు.

సరిహద్దువాళ్లకు ఇంకో లాభం ఉంది. గుణుపురంలో తెరిచిన ఖాతాను, కాపురం పార్వతీపురానికి మారితే అక్కడికి మార్పించుకోవచ్చు. పూచీ కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి ఏ రాష్ట్రం పోలీసు అన్న గొడవ లేదు.

సంఘం

మహిళా సంఘం పొదుపులో గొప్పతనం వచ్చే వడ్డీలో లేదు, దొరికే అప్పులో ఉంది. సంఘంలో లోపల తీసుకునే అప్పుకు మామూలుగా రూపాయో రెండు రూపాయలో వడ్డీ, బయట మూడు నుంచి అయిదు. పైగా కట్టే వడ్డీ సంఘం నిధిలోకే పోతుంది. ఒడిశాలో ప్రభుత్వ మహిళా సంఘాల కార్యక్రమం మిషన్ శక్తి 2001 మార్చి 8న మొదలైంది, ఊరూరా సంఘాలున్నాయి, బ్యాంకు లోన్లు వాటి ద్వారా వస్తాయి. ఇంట్లో ఆడవాళ్లు ఎవరూ సంఘంలో లేకపోతే నెలకు వంద కట్టైనా చేరడం మంచిది.

చిక్కు ఏమిటంటే పుస్తకాలు ఒడియాలో ఉంటాయి. మాట్లాడటం వచ్చినా చదవడం రాని మన అమ్మలు చాలామంది తీర్మానం మీద చూడకుండా సంతకం పెట్టేస్తారు. బడికెళ్లే పిల్లకు ఒడియా వచ్చు కదా, మీటింగు రోజు పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేజీ చదివించుకోండి. ఎవరి పేరు మీద ఎంత అప్పు రాశారో అప్పుడే తెలుస్తుంది. సంఘం అప్పుకు అందరూ జవాబుదారీ, ఒకరు ఎగవేస్తే మిగతావాళ్ల పొదుపు ఆగుతుంది. పెద్ద మొత్తం దాచుకునే చోటు మాత్రం ఇది కాదు.

బంగారం

బంగారం కొనొద్దని తెలుగింటికి చెప్పి ఒప్పించినవాళ్లు లేరు, నేనూ ప్రయత్నించను. పిల్ల పెళ్లికి ఎలాగూ కావాల్సిన నగ అయితే కొనుక్కోండి. పొదుపు అనుకుని కొంటే మాత్రం ఈ లెక్క చూడండి: లక్ష రూపాయల బంగారం ఉన్న నగకు తరుగు, మజూరీ కలిపి 12 శాతం, దాని మీద 3 శాతం జీఎస్టీ. బిల్లు లక్షా పదిహేను వేలు దాటుతుంది. మర్నాడు అమ్మితే ఆ పదిహేను వేలూ పోయినట్టే. ధర అంత పెరిగాకే లాభం మొదలు.

దుకాణాల వాళ్ల నెలవారీ స్కీముల్లో పదకొండు నెలలు కట్టించుకుని తరుగు తగ్గిస్తామంటారు. పదకొండే ఎందుకంటే, వస్తువు కోసం తీసుకున్న అడ్వాన్సును కంపెనీలు 365 రోజులు దాటించి ఉంచుకుంటే అది డిపాజిట్ కింద లెక్కకొస్తుంది, నియమాలు వర్తిస్తాయి. దుకాణం మూతపడితే ఆ డబ్బుకు బీమా లేదు. చిన్న దుకాణంలో స్కీము కట్టే బదులు, అదే పదకొండు నెలలు బ్యాంకులో దాచి నగదుతో కొనండి, తరుగు మీద బేరం మీరే ఆడవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి దుకాణంలోనే చూసుకోండి.

బ్యాంకు, సుకన్య

బ్యాంకు ఆర్‌డి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఫోన్లోనే తెరవచ్చు, ఫోన్లోనే మూసెయ్యవచ్చు, అదే దాని మంచీ చెడూ. గ్రామీణ బ్యాంకుతో సహా బ్యాంకుల్లో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. ఊళ్లో ప్రాథమిక సహకార సంఘం డిపాజిట్లకు ఆ బీమా వర్తించదు, పేర్లు చూసి పొరబడకండి.

పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే, ఆ పిల్ల పేరు మీద తెరిచే కేంద్రం పొదుపు ఖాతా సుకన్య సమృద్ధి మిగతా అన్నిటికన్నా ముందు. వడ్డీ 8.2 శాతం, ఏడాదికి కనీసం 250, పదిహేనేళ్లు కట్టాలి, తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు మొత్తం వస్తుంది. పద్దెనిమిది నిండాక, లేదా పదో తరగతి అయ్యాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. ఏడాదికి పది వేలు కడితే, ఈ రేటే నిలిస్తే, చివర్లో నాలుగున్నర లక్షలు దాటుతుంది.

| ఎక్కడ | ఎంతకాలం | నెల తప్పితే | మధ్యలో కావాలంటే | మునిగితే |
|---|---|---|---|---|
| రిజిస్టర్డ్ చీటీ | 2–4 ఏళ్లు | జరిమానా, పంపకం పోవచ్చు | పాట పాడుకోవాలి | చీటీల రిజిస్ట్రార్ |
| వీధి చీటీ | 1–2 ఏళ్లు | మాట పడాలి | పాట పాడుకోవాలి | ఎవరూ లేరు |
| పోస్టాఫీసు ఆర్‌డి | 5 ఏళ్లు | వందకు రూపాయి | మూడేళ్లు రాదు, లోను ఉంది | కేంద్రం పూచీ |
| మహిళా సంఘం | సాగుతూనే ఉంటుంది | మీటింగులో జవాబు చెప్పాలి | తక్కువ వడ్డీకి అప్పు | సభ్యులే |
| నగ | ఎన్నాళ్లైనా | వర్తించదు | తాకట్టు, లేదా నష్టానికి అమ్మకం | ఇంట్లో దొంగతనమే భయం |
| బ్యాంకు ఆర్‌డి | 6 నెలల నుంచి | చిన్న జరిమానా | వెంటనే | 5 లక్షల దాకా బీమా |
| సుకన్య | 21 ఏళ్లు | ఏడాదికి 250 చాలు | చదువుకు సగం | కేంద్రం పూచీ |

ఎవరికి ఏది

రోజు కూలి, ఆటో, టిఫిన్ బండి: రోజూ కొంత హుండీలో వేసి, సంత రోజున తీసి లెక్కపెట్టి బ్యాంకు ఖాతాలో వేయండి. అది పది వేలు అయ్యేదాకా ఆర్‌డి జోలికి వెళ్లొద్దు. ఆ పది వేలు ఆసుపత్రివి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ కార్డు వచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వైద్యం. కానీ విశాఖకో బరంపురానికో రైలు ఛార్జీలు, తోడు వెళ్లినవాళ్ల తిండి, బయట రాసే పరీక్షలు జేబులోంచే. ఒడిశా రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తించదు కాబట్టి, చుట్టాల మాట విని దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నెల జీతం వాళ్లు, రాయగడ పేపరు మిల్లు వైపు కాంట్రాక్టు పనుల్లో ఉన్నవాళ్లతో సహా: జీతం పడిన రెండో రోజే ఆర్‌డి కట్ అయ్యేలా పెట్టుకోండి. మీకు చీటీ అవసరం లేదు. వేస్తే స్నేహితుల మొహమాటానికి వేయడమే.

చిన్న కొట్టు, బట్టల వ్యాపారం: మీకు మాత్రం రిజిస్టర్డ్ చీటీ తగును. దసరాకో సంక్రాంతికో సరుకు వేసుకునే నెలకు ముందు పాడేలా చూసుకోండి. ఆ నెలలో పాడేవాళ్లు ఎక్కువ ఉంటారు, పాట పైకి పోతుంది. ఒక నెల ముందే పాడుకుంటే రెండు మూడు వేలు మిగులుతాయి.

సుభద్ర డబ్బు వచ్చే ఆడవాళ్లు: 2024లో మొదలైన ఈ ఒడిశా ప్రభుత్వ పథకంలో ఏడాదికి రెండు విడతలుగా పది వేలు, అయిదేళ్లు. ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పడుతుంది. రోజూ ఫోన్‌తో ఖర్చుపెట్టే ఖాతా కూడా అదే అయితే పదిహేను రోజుల్లో ఆనవాలు ఉండదు. పడిన వారంలోనే తీసి, చిన్న పిల్ల ఉంటే సుకన్యలో, లేకపోతే పోస్టాఫీసు టైమ్ డిపాజిట్‌లో వేయండి. మూడు రూపాయల వడ్డీ అప్పుంటే ముందు దానికి కట్టండి.

ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ ఉన్న కుటుంబాలు, అంటే పొలం ఆంధ్రాలో, కాపురం ఒడిశాలో ఉన్నవాళ్లు: పోస్టాఫీసు, బ్యాంకు తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి. ఖాతా తెరిచే ముందు పేరు ఒకసారి చూసుకోండి. ఆంధ్రా కాగితాల్లో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఒడిశా బడి సర్టిఫికెట్లలో "రావు"నో "పాత్రో"నో ఇంటిపేరుగా చివర్న వేసేస్తారు. ఆధార్‌లో ఒకలా, పాసుబుక్‌లో ఒకలా ఉంటే ఇరవై ఒకటో ఏట సుకన్య డబ్బు తీసుకునే రోజున అఫిడవిట్ల చుట్టూ తిరగాలి. ఆధార్ సరిచేయించుకున్నాకే ఖాతా తెరవండి, నామినీ పేరు కూడా అదే ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.